పెద్దమ్మ వద్దన్న కళ్లు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో మా పెద్దమ్మ రెండు కళ్లకూ పువ్వు పడింది. నల్లగుడ్లు సున్నం కొట్టిన గోడల్లా తెల్లబడి, చూపు పోయింది. అప్పటినుంచి పొద్దున్నే ఆమెకు బొట్టు పెట్టే పని పెద్దనాయనది. నాగలి తప్ప మరొకటి పట్టని వేలు; వేలు కూడా కాదు, రోకలి. ఆ బొట్టు పళ్లెమంత ఉండేది. హంద్రీ నది అవతల కర్నూలులో నిలబడి చూసినా, కల్లూరులో మా పెద్దమ్మ ఏ పక్కకు తిరిగిందో తెలిసేదంటే నమ్మండి.

చెన్నపట్నంలో చదివొచ్చిన కంటి డాక్టరు, చనిపోయినవాళ్ల కంటిపొర తీసి అతికిస్తే చూపు రావచ్చన్నాడు. పెద్దనాయన అక్కడే బేరం పెట్టాడు.

"నాకు రెండుండాయి కద సామీ. ఒగటి ఆయమ్మకు పెట్టు. నాకు ఒగటి సాలు."

"బతికున్న మనిషి కన్ను తీయకూడదయ్యా."

"అట్లయితే నేనెప్పుడు సస్తే నీకు అనుకూలమప్పా?"

"నీ నోట్లో మన్నుపడ!" అని పెద్దమ్మ తడుముకుని ఆయన భుజం మీద ఒకటి వేసింది.

చచ్చాకైనా సరే, కళ్లు తీయించుకుంటే వచ్చే జన్మలో గుడ్డివాడై పుడతావని ఊరంతా బెదిరించింది.

"మన్నుకిచ్చేటివి నా పెండ్లానికిస్తే తప్పేముండాది? ఆ జన్మంలో ఆయమ్మే నా సెయ్యి పట్టుకోని నడిపిస్తాదిలే," అన్నాడాయన.

వేరుశనగ పెరికే రోజుల్లో ఒక పొద్దున ఆమెకు బొట్టు పెట్టి చేనికి వెళ్లినవాడు చేనిగట్టునే కూలిపోయాడు. కబురందుకుని డాక్టరు పెట్టె పట్టుకుని జట్కాలో వచ్చాడు. ఆలస్యమైతే కళ్లు పనికిరావన్నాడు. మేమంతా సరేనన్నాం. పెద్దమ్మ మాత్రం ఒకటే అడిగింది.

"కట్టు ఎప్పుడిప్పుతావు సామీ?"

"కొన్ని వారాలు పడుతుందమ్మా."

"ఆలోపల ఈళ్లు నా బొట్టు తుడిసేసింటారు. అద్దంలో మొట్టమొదట నేను సూసేది ఆ బోడి మొగమేనా? అదీ ఆయప్ప కండ్లతోనా? ఆయప్ప నన్నట్ల ఒక్కనాడూ సూడలేదు. నాకొద్దు."

"పోనీ, ఇంకొకరికైనా..."

"ఆ కండ్లు ఇంగొగ ఆడదాన్ని సూస్తాంటే నేను ఓర్సుకోలేను సామీ."

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు.

పెద్దనాయన రెప్పలు సగం తెరిచే ఉన్నాయి. ఆమె తడుముకుంటూ వాటిని మూసి, పాడె ఎత్తేదాకా అరచేయి తీయలేదు. డాక్టరు పెట్టె తెరవకుండానే జట్కా ఎక్కాడు.

పొద్దున ఆయన పెట్టిన బొట్టు ఆమె నొసటన ఇంకా ఉంది. దగ్గరగా చూశాను. అది మామూలు బొట్టంతే ఉంది, కాస్త పక్కకు.