తౌడు అర్రలో మిగిలిన సీసా

మా పై అర్రలో కిరాయికుండే కాలేజీ టీచరమ్మ పోయింది. పొద్దున చాయ్ గిన్నె పొయ్యి మీద పెట్టి అక్కడే కూలబడింది. దవాఖానకు చేరేసరికే అయిపోయింది. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. ఒక్క మాట కూడా తగ్గించొద్దని దానికి ముందే చెప్పాను.

గౌలిపురలో మాది పాల ఇల్లు. ఆమె పనేమో కాకినాడ సముద్రపు నీళ్లతో. కాలం మారినప్పుడల్లా వెళ్లి, సీసాల్లో నింపి, మందు చుక్కలు వేసి తెచ్చేది. మందు పడ్డాక నీళ్లు అచ్చం చాయ్ రంగు. ఏముంది ఇందులో అని ఎకసెక్కెమాడాను. కంటికి కనబడని మేత ఉందంది. చేపపిల్లలు బతికేది దాని మీదేనట. వానాకాలం గోదావరి బురద మోసుకొస్తే, నీళ్లలో సత్తువ ఉన్నా ఎండ లోపలికి దిగదట. బురద దిగి తేటపడ్డాకే మేత పచ్చగా లేస్తుందట. మా బర్రెలకూ కాలాన్ని బట్టే గదా పాలు, నాకు వెంటనే ఎక్కింది.

అన్ని కాలాల సీసాలూ పక్కపక్కన పెట్టి చూడాలనేది. ఇంకా ఎండాకాలానిది రావాలి. ఉన్నవాటితోనే తేల్చెయ్యరాదా అంటే నవ్వేది. “ఒక్క పూట పాలు చూసి బర్రెను బేరం చేస్తవా, పెద్దమ్మా?”

ఎవరైనా మెట్లు దబదబా ఎక్కితే మాత్రం ఊరుకునేది కాదు. “సీసాల్ల మేత అడుగుకు దిగనియ్యాలె, కదపొద్దు” అని అరిచేది.

ఆమెను పురానాపూల్ శ్మశానానికి తీసుకెళ్లాక, వాళ్ల వదిన ఇల్లు కడిగింది. చావు ఇంట్లో నిల్వ నీళ్లుంచరు, ఆచారం నాకూ తెలుసు. కానీ బిందెలతో పాటు సీసాలూ వంచేసింది. గాజు చప్పుడు విని నేను పైకెక్కేసరికి మోరీలో చాయ్ రంగు పారుతోంది.

“నీళ్లే కదమ్మా” అంది.

“గవి తాగే నీళ్లా? నీ ఆడబిడ్డ కష్టమంత మోరీల పోసినవ్. ఒక్క మాట నన్నడిగితే ఏం పోతుండె?”

ఆమె ఏడ్చింది. నా కోపం ఇప్పటికీ దిగలేదు.

పైన జాగా చాలక, టీచరమ్మ వానలు వెళ్లాక తెచ్చిన ఒక సీసాను మా తౌడు అర్రలో చీకట్లో పెట్టింది. అదే మిగిలింది. ఆమె కాలేజీకి ఫోన్ చేయించాను. ఒక్కదానితో ఏమీ తేలదు, పారబోయండన్నారు. ఆ సంగతి నాకు ఆమే చెప్పింది, మీరు చెప్పేదేంది? తక్కిన కాలాలవి మళ్లీ తెచ్చుకోండి, దీన్ని వాటి పక్కన పెట్టండి అన్నాను. ఫోన్ పెట్టేశారు.

ఈ నీళ్లను చూడటం తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే రండి. అప్పటిదాకా దీన్ని ఎవరినీ ముట్టనివ్వను.

అవతల బర్రె గోడకు ఒరుసుకుంటే సీసా వణుకుతుంది. అడుగున పేరుకున్న పొర పొగలా లేస్తుంది. రెండు చేతులతో పట్టుకుని నిలబడతాను, అది మళ్లీ అడుగుకు దిగేదాకా.