గెలిచిన మర్నాటి సంతకాలు

మా ఆఫీసులో సెలవు కావాలంటే ముందు యూరప్‌లో ఏ జట్టు గెలిచిందో చూసుకోవాలి. ఈ సంగతి కంపెనీ రూల్సులో ఎక్కడా రాసి లేదు. రాసి ఉన్న రూల్సు వేరు: రెండేళ్ళ డ్యూటీ పూర్తయితే రెండు నెలల సెలవు, రానూపోనూ టిక్కెట్టు, మేనేజరు సంతకం. మొదటి రెంటితో మాకెప్పుడూ పేచీ రాలేదు. తంటా అంతా ఆ మూడోదానితోనే.

నేను బహ్రెయిన్‌లో, సల్మాబాద్ అనే చోట ఒక కాంట్రాక్టింగ్ కంపెనీ ఆఫీసులో పనిచేస్తాను. కూలీల హాజరు, ఓవర్‌టైం, సెలవులు అన్నీ నా బల్ల మీదుగానే పోతాయి. మాది తెనాలి వైపు. మా ఆయన ఇంకో కంపెనీలో ఇంజినీరు. అరాద్‌లో ఉంటాం. పొద్దున్నే ఆయన నన్ను ఆఫీసు దగ్గర దింపి తన పనికి వెళ్తాడు. మా మేనేజరు కేరళ మనిషి, ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడే ఉన్నాడు. మంచివాడే. కాకపోతే ఆయన మంచితనం ఆయన చేతిలో లేదు, ఇంగ్లండులో ఒక ఫుట్‌బాల్ క్లబ్బు చేతిలో ఉంది. ఆ క్లబ్బు పేరు రాయను. రాస్తే ఆయనెవరో తెలిసిపోతుంది, నేనింకా అక్కడే జీతం తీసుకుంటున్నాను.

ఒక ఏడాది సెప్టెంబరులో యూరప్ క్లబ్బుల కప్పు మొదలైంది. అప్పటికి నాకా సంగతే తెలియదు. ఒక బుధవారం పొద్దున నాలుగు సెలవు దరఖాస్తులు పట్టుకుని ఆయన గదిలోకి వెళ్ళాను. ఆయన ఏదో కూనిరాగం తీస్తూ, చదవకుండానే నాలుగింటి మీదా సంతకాలు గీకేసి, "పాపం, పెళ్ళాం పిల్లల్ని చూసి ఎన్నాళ్ళయిందో" అన్నాడు. హిందీ, ఇంగ్లీషు కలిపి మాట్లాడతాడాయన. ఇక్కడ నేను రాసేది నా తెలుగు. తర్వాత రెండు వారాలకు ఇంకో రెండు కాగితాలు తీసుకెళ్తే, "షట్టరింగ్ వాళ్ళంతా ఇంటికి పోతే సఖీర్‌లో ఆ బిల్డింగు ఎవరు కడతారు? నువ్వు కడతావా?" అని ఇంతెత్తున లేచాడు. కాగితాలు సొరుగులోకి పోయాయి. సొరుగు మూసిన చప్పుడు బయట టీ పోసే అతనికి కూడా వినిపించింది.

ఆ సాయంత్రం ఈ గోడు మా ఆయన దగ్గర వెళ్ళబోసుకుంటే, ఆయన తాపీగా ఫోను తీసి, "రాత్రి మీ సారు జట్టు చిత్తుగా ఓడిపోయిందే" అన్నాడు. నాకెందుకో అనుమానమొచ్చి, రెండు వారాల కిందటి బుధవారం సంగతి కూడా చూడమన్నాను. ఆ ముందు రాత్రి గెలిచారట. అక్కడితో నాకు జ్ఞానోదయమైంది. కొత్త దరఖాస్తులు రాయించి పక్కన పెట్టుకున్నాను. తర్వాతి ఆట గెలిచిన మర్నాడు లోపలికి తీసుకెళ్తే, మేనేజరు నవ్వుతూ సంతకం పెట్టి నాకు టీ కూడా తెప్పించాడు.

ఇక చూడండి నా వైభోగం. కూలీలుండే క్యాంపులో ఈ మాట ఎంత తొందరగా పాకిందో నాకే తెలియదు. మా కూలీల్లో జగిత్యాల, నిజామాబాద్ వైపు వాళ్ళు చాలామంది. వాళ్ళకు ఆఫీసులో తెలుగు మనిషిని నేనొక్కదాన్నే. "అక్కా, నా కాయితం ఎప్పుడు వెడుతవ్?" అని వచ్చేవాళ్ళు. నేను కళ్ళజోడు సర్దుకుని, "వచ్చే మంగళవారం ఇటలీ వాళ్ళతో ఆట ఉంది. అది పరాయి ఊళ్ళో, నమ్మలేం. ఆ తర్వాతది సొంత మైదానంలో. అందాకా ఆగు" అని చెప్పేదాన్ని. వాళ్ళు తలూపి వెళ్ళిపోయేవాళ్ళు. ఆ వినయం చూస్తే ఎవరికైనా తల తిరుగుతుంది, నాకూ తిరిగింది. జీవితంలో ఒక్క ఆట కూడా పూర్తిగా చూడని నేను, ఎవరికి దెబ్బ తగిలింది, ఎవరికి రెండో పసుపు కార్డు దగ్గర పడింది అన్నవి వంట చేస్తూ చదువుకునేదాన్ని. ఆ జట్టులో బ్రెజిల్ కుర్రాడి తొడ కండరం పట్టేసిందని తెలిసిన రోజున జగిత్యాల జిల్లాలో నాలుగిళ్ళ ప్రయాణాలు వాయిదా పడ్డాయి. డ్రా అయితే ఇంకో రకం చిక్కు. ఆయన తిట్టడు, సంతకమూ పెట్టడు, "అక్కడ పెట్టి వెళ్ళు" అంటాడు. అందుకని డ్రాలను కూడా చెడ్డ రోజుల్లో కలిపేశాను. డిసెంబరు మధ్య నుంచి జనవరి మధ్య వరకు యూరప్‌లో కప్పు ఆటలుండవు. ఆ నెల్లాళ్ళూ మా సెలవులకు మూఢం.

"ఇంకెందుకు, తాంబూలంలో దక్షిణ కూడా పుచ్చుకో పంతులమ్మా" అని మా ఆయన ఏడిపించేవాడు. ఆయన క్రికెట్ మనిషి. క్రికెట్ చూసేవాళ్ళకు మూఢనమ్మకాలు లేనట్టు మాట్లాడేవాడు. ఫైనల్ రోజున సోఫాలో మూల సీటు నుంచి లేవనిది ఎవరో నాకు తెలుసు.

జనవరి నుంచి ఆ జట్టుకు ఊపు వచ్చింది. మార్చిలో ఒకరిని, ఏప్రిల్లో ఇంకొకరిని ఇంటికి పంపింది. మేం కూడా మా వాళ్ళను ఇళ్ళకు పంపాం. ఏప్రిల్ చివరికి సెమీఫైనల్ వచ్చింది. రెండు ఆటలు, మొదటిది పరాయి ఊళ్ళో, రెండోది సొంత మైదానంలో. సరిగ్గా అప్పుడే అతను వచ్చాడు.

అతనిది జగిత్యాల దగ్గర పల్లె. కాంక్రీటు పోసేముందు చెక్కలు బిగించే షట్టరింగ్ పని. కిందటిసారి సెలవు వదులుకుని దాని బదులు డబ్బు తీసుకుని ఇంటి స్లాబు వేయించాడు కాబట్టి నాలుగేళ్ళుగా ఊరు మొహం చూడలేదు. ఇప్పుడు ఇల్లు పూర్తయింది. ఫోనులో చూపించాడు. రెండు గదులు, వరండా, లేత ఆకుపచ్చ గోడలు. గడపకు పసుపు ఇంకా పెట్టలేదు. అతను ఆ ఇంటి ఇటుక ఒక్కటి కూడా చేత్తో తాకలేదు. ఇక్కడ పరాయివాళ్ళ బిల్డింగులకు చెక్కలు బిగించి, అక్కడ తన ఇంటికి బిగించిన మేస్త్రీకి కూలి పంపాడు.

"అయ్యగారు శుక్కురారం ముహూర్తం వెట్టిండక్కా, వచ్చేది కాదు, దాని మీదిది కాదు, మూడో శుక్కురారం. దుబాయికొచ్చి పదకొండేండ్లయింది. నేను కట్టిన ఇంట్ల నేనే లేకుంటె ఎట్ల? పీటల మీద ఆమె ఒక్కతే కూసుంటదా?" అన్నాడు. బహ్రెయిన్ అని అతనెప్పుడూ అనడు. వాళ్ళకు గల్ఫంతా దుబాయే.

దరఖాస్తు తీసుకున్నాను. ఆ రాత్రే మొదటి ఆట. మర్నాడు చూస్తే డ్రా. నేను కాగితం లోపలికి పంపలేదు. పంపితే సొరుగులోకి పోతుంది, సొరుగులోకి పోయిన కాగితం బయటికి రావడం నేనెన్నడూ చూడలేదు. రెండో ఆట తర్వాతి బుధవారం. అది సొంత మైదానంలో, బ్రెజిల్ కుర్రాడు కోలుకున్నాడు, అవతలి వాళ్ళ గోల్‌కీపరు వేలికి కట్టుంది. గురువారం పొద్దున సంతకం, ఆ వారాంతంలో టిక్కెట్టు, ముహూర్తానికి నాలుగైదు రోజుల ముందే మనిషి ఊళ్ళో. లెక్క ఎక్కడా తప్పలేదు. అతనికి అదే చెప్పాను. "నువ్వెట్లంటె అట్లనే అక్కా" అన్నాడు.

ఆ బుధవారం మధ్యాహ్నం ఎన్నడూ లేనిది మేనేజరు తన గదిలోంచి లేచి నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"సంతకానికి ఏమైనా ఉన్నాయా?"

"ఏమీ లేవు సార్."

"సెలవు కాగితాలు?"

"లేవు సార్."

"ఒక్కటి కూడా?"

"ఒక్కటి కూడా లేదు సార్."

ఆయన నా స్టేప్లర్ తీసి, అటూ ఇటూ చూసి, మళ్ళీ అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు. ఆ షట్టరింగ్ అతని కాగితం నా మోచేతి కింద ఫైల్లో ఉంది. ఆటకు ముందు మనిషి ముళ్ళ మీద కూర్చున్నట్టు ఉన్నప్పుడు కాగితం ఇవ్వడానికి నేనేమైనా పిచ్చిదాన్నా? నా తెలివికి నేనే మురిసిపోయాను.

మర్నాడు కారులో ముహర్రక్ వంతెన మీద ఉండగా ఫోను తెరిచాను. పెనాల్టీల్లో ఓడిపోయారు. ఆఖరి పెనాల్టీ ఆ బ్రెజిల్ కుర్రాడే ఆకాశంలోకి కొట్టాడట. మా ఆయన నా మొహం చూసి, "అయితే మళ్ళీ సెప్టెంబరు దాకా మంచిరోజుల్లేవా?" అన్నాడు. ఆ వెంటనే తనే రేడియో కట్టేశాడు.

అప్పుడొచ్చింది నాకు కోపం, ఏడాదంతా రాని కోపం. ఒక మనిషి తన ఇంట్లో తాను అడుగు పెట్టాలంటే ఎక్కడో ఎవడో బంతిని వలలోకి తన్నాలా? దీన్ని శాస్త్రంలా అప్పజెప్పుకుంటూ తిరిగినది నేనేనన్న సంగతి ఆ క్షణంలో నాకు గుర్తు రాలేదు. వచ్చినా కోపం తగ్గేది కాదు. ఆఫీసుకు వెళ్తూనే బ్యాగు కూడా దించకుండా కాగితం పట్టుకుని ఆయన గదిలోకి నడిచాను.

ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కాగితం తీసుకున్నాడు, పేరు చూశాడు, కింద తేదీ దగ్గర ఆగాడు.

"ఇది కిందటి వారం రాసింది."

"అవును సార్."

"నిన్న నేను అడిగినప్పుడు నీ దగ్గరుందా?"

"ఉంది సార్."

ఆయన కుర్చీలో వెనక్కి వాలి నన్ను చూసిన చూపు నేను మర్చిపోలేను. ఆ పెనాల్టీ ఆకాశంలోకి కొట్టింది నేనేనన్నట్టు చూశాడు.

"జనవరి నుంచి గమనిస్తున్నాను. ఎవరికైనా సెలవు ఇస్తే ఆ తర్వాతి ఆట ఓడిపోవడం లేదు. ఇంటికి వెళ్ళేవాడి సంతోషం ఊరికే పోదని మా అమ్మ అనేది. అందుకే నిన్న నీ బల్ల దగ్గరికి వచ్చాను. ఒక్క కాగితం అడిగాను. ఒక్కటి! మోచేతి కింద పెట్టుకుని లేదంటావా?"

గెలిస్తే ఈయన సంతకం పెడతాడని మేం, సంతకం పెడితే గెలుస్తామని ఈయన. ఏడాదంతా ఒకే గుమ్మానికి అటొకరు ఇటొకరు కాపలా కాశాం.

"సార్, ఓడిన మర్నాడు మీరు సంతకం పెట్టరని..." అని నసిగాను.

"నేనా? ఎవరన్నారు?"

"అక్టోబరులో షట్టరింగ్ వాళ్ళ గురించి అరిచారు కదా సార్."

"ఆ రోజు నాకు పన్ను నొప్పి" అన్నాడు. సొరుగు లాగి చూపించాడు. పాత దరఖాస్తులు అందులో అలాగే ఉన్నాయి. "వీటి గురించి ఒక్కరూ మళ్ళీ అడగలేదు. అవసరం తీరిపోయిందనుకున్నాను."

పన్ను నొప్పి మాట నేను సగమే నమ్మాను. మిగతా సగం గురించి వాదించే సమయం కాదు. "సార్, వచ్చే వారం శుక్రవారం ఇతని గృహప్రవేశం. నాలుగేళ్ళయింది ఇంటికి వెళ్ళి. మీ జట్టు ఓడినందుకు నాకూ బాధగానే ఉంది, కానీ ఇతనికి వేరే శుక్రవారం లేదు" అన్నాను. గొంతు అనుకున్నదానికంటే గట్టిగానే వచ్చింది.

ఆయన కారణం రాసిన చోట వేలు పెట్టి చదివాడు. తర్వాత, నాతో కాదన్నట్టు, కాగితంతో అన్నట్టు చెప్పాడు.

"మా ఇల్లు పూర్తయినప్పుడు నాకు సెలవు దొరకలేదు. అప్పుడు నేను స్టోర్ కీపర్ని. పాలు కాచే వేళ మా ఆవిడ పక్కన మా అన్న నిలబడ్డాడు. సరిగ్గా ఆ రోజే మా క్లబ్బు కప్పు గెలిచింది. క్యాంపులో అందరం ఎగిరి గంతులేశాం. ఇప్పటికీ ఎవరైనా గృహప్రవేశం ఎలా జరిగిందని అడిగితే నేను ఆ ఆట గురించే చెప్తాను. ఆ రోజు నేను చూసింది అదొక్కటే."

ఆయన మీద నాకు జాలేసింది. అప్పటిదాకా ఆ మనిషి పిచ్చిని చూసి నవ్వుకోవడమే తెలుసు నాకు. ఆయన సంతకం పెట్టి, టిక్కెట్టు ఈ రోజే చేయించమని చెప్పి, సొరుగులోని పాత కాగితాలు కూడా నా చేతిలో పెట్టాడు.

బయటికొస్తే అతను మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. సఖీర్ నుంచి సామాను తెచ్చే బండిలో వచ్చాడట. హెల్మెట్ చంకలో ఉంది.

"ఓడిపోయిన్రంట గదక్కా. క్యాంపుల పొద్దుగాలనే తెలిసింది. నా కాయితం వాపస్ ఇయ్యి, నీకెందుకు తిట్లు. ఇంటికి ఫోను జేసి చెప్పిన, పీటల మీద తమ్ముణ్ణి, మరదల్ని కూసోవెట్టుమని. ఆమె సరే అని పెట్టేసింది."

కాగితం చేతికిచ్చాను. సంతకం మీద బొటనవేలు పెట్టి చూశాడు, సిరా ఇంకా తడిగా ఉందేమోనని మళ్ళీ తీశాడు.

"ఓడిపోయినా పెట్టిండా?"

"పెట్టాడు."

ఎందుకని అడగలేదు. గోడవైపు తిరిగి, చేతి దుమ్ము ప్యాంటుకు తుడుచుకుని ఫోను చేశాడు. అవతల ఎత్తిన చప్పుడు నాకూ వినిపించింది.

"నేనే. తమ్మునికి చెప్పు, పీటల మీద కూసోవద్దను. నేనొస్తున్న."