పొద్దున్నే లేవని ఇంజను కోసం కొల్లేటికి

పుష్యమాసం చలిలో కొల్లేటికి ఎవరూ సరదాకి వెళ్లరు. నేనూ వెళ్లలేదు. తాడేపల్లిగూడెంలో ఒక బియ్యం మిల్లు ఇంజను చూసుకునే మేస్త్రీని నేను. ఏలూరు అవతల కొల్లేటి నడుమ ఒక లంక ఊళ్లో, చేలో నీళ్లు తోడే ఆయిల్ ఇంజను పొద్దుటి పూట లేవడం లేదని, వచ్చి చూడమని కబురొచ్చింది. మిల్లు యజమాని సెలవిచ్చారు. ఇంట్లో చెప్పి వెళ్లవలసిన వారెవరూ లేరు కనుక నా ప్రయాణానికి సన్నాహం పెద్దగా ఉండదు. పనిముట్ల సంచి, దుప్పటి, అంతే. తలుపు వేస్తూ గూట్లో ఉన్న కొబ్బరినూనె సీసా చూశాను. చలికి తెల్లగా గడ్డకట్టి ఉంది. అది మా ఆవిడది. ఆమె పోయి రెండేళ్లు దాటింది. వాడితే అయిపోతుందని నేను దాన్ని ముట్టను.

ఆరింటికి రావలసిన పాసింజరు ఏడు దాటాక వచ్చింది. మూడో తరగతిలో కిటికీ పక్కన చోటు దొరికింది గాని, ఆ కిటికీకి తలుపు పడదు. ఎదుటి బల్ల మీద ఏలూరులో తివాచీలు నేసే పెద్దాయన ఒకరు మోకాళ్ల మీదుగా దుప్పటి కప్పుకుని కూర్చున్నారు. భీమడోలు దాకా ఊరుకుని, "ఒక్కరే వెళ్తున్నారా అండీ?" అన్నారు.

"ఒక్కణ్ణేనండి."

"చలికాలం ఒంటరిగా తిరగకూడదండి. పక్కన మనిషుంటే సగం చలి పోద్ది" అని ఒక అరటిపండు నా చేతిలో పెట్టారు. మంచిమాటే. ఆ పక్కన మనిషిని ఎక్కణ్ణించి తేవాలో ఆయన చెప్పలేదు.

ఏలూరు స్టేషను ఎదుట ఇడ్లీ తిని బస్సు ఎక్కాను. ఇటు వెళ్లదలచిన వారికి ఒక మాట. ఆ బస్సు నిండితే గాని కదలదు. నిండిందని డ్రైవరు ఒప్పుకోవడానికి మరో అరగంట పడుతుంది. బస్సు దిగాక తాటిదోనె. తాటిమానును తొలిచి చేసిన పడవ అది. అందులో కాళ్లు ముడుచుకుని, అటూ ఇటూ ఒరగకుండా కూర్చోవాలి. రేవులో నా కోసం వెంకన్న అనే ఆయన కాచుకుని ఉన్నాడు. ఇంజను గల మంగమ్మగారికి మరిది. గెడ వేస్తూ సంగతంతా చెప్పాడు.

"మా అన్న కార్తీకంలో పోయాడండి. ఆ ఇంజను పాకలోనే కూలిపోయాడు. ఆయనున్నప్పుడు కోడి కూయకముందే లెగిసేదండి ఇంజను. ఇప్పుడు పొద్దున్నే ఎంత తిప్పినా లెగదు. మధ్యానానికి ఎలాగో లెగుత్తది. ఈలోగా నీరు ఊరిపోయి నారుమడి కుళ్లిపోతందండి."

రేపు కైకలూరు నుంచి బేరగాడు వస్తున్నాడట. ఇంజను అమ్మేస్తే చేను మునిగిపోతుంది. మంగమ్మగారు చేను వదులుకుని, పుట్టింట్లో తన అన్న పంచన చేరాలి.

"ఆవిడ ఏమంటున్నారు?" అన్నాను.

"ఏమంటదండీ? అన్నం మానేసింది."

ఎటు చూసినా నీరు. దూరంగా గూడబాతులు బారులు తీరి తేలుతున్నాయి. నాకు దిగులు వేసింది. చెప్పుకోవడానికి సిగ్గు లేదు. ఏదైనా కొత్తది కనిపిస్తే పక్కకు తిరిగి చెప్పబోయే అలవాటు నాకింకా పోలేదు. పక్కన పనిముట్ల సంచి ఉంది.

మేము చేరేసరికి ఇంజను నడుస్తోంది, ఏ జబ్బూ ఎరగనట్టు. చలిలో వచ్చే జబ్బును చలిలోనే చూడాలి. మంగమ్మగారు కొరమేను పులుసుతో అన్నం పెట్టారు. తాను తిన్నట్టు కనిపించలేదు. నేను అరుగు మీద పడుకున్నాను.

తెల్లవారేసరికి మంచు దట్టంగా పట్టింది. ఈ రకం ఇంజనుకు తల మీద ఇనుప బుర్ర ఒకటి ఉంటుంది. దాన్ని దీపపు మంటతో ఎర్రగా కాల్చి, పెద్ద చక్రాన్ని ఒక్క ఊపు ఊపితే, లోపల పడిన నూనె ఆ వేడికే అంటుకుని ఇంజను లేస్తుంది. చలికి బుర్ర త్వరగా వేడెక్కదు, కందెన చిక్కబడుతుంది. పేచీ సాధారణంగా అక్కడే. దీపం మూతి పొడిచి శుభ్రం చేశాను. కందెన పొయ్యి మీద వెచ్చబెట్టి పోశాను. బుర్రను మామూలు కంటే ఎక్కువసేపు కాల్చాను. చక్రం ఊపితే బుస్సుమని తెల్లటి ఆవిరి వచ్చి ఆగిపోయింది. మళ్లీ ఊపాను. మళ్లీ బుస్సు. నా భుజాలు పడిపోయాయి.

"పొద్దెక్కేసరికి బేరగాడు వచ్చేత్తాడండి" అన్నాడు వెంకన్న. మంగమ్మగారు పాక గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"ఆయన పోయాక దీనికి ఏమైనా మార్చారా అమ్మా?" అని అడిగాను.

"ఏమీ మార్చలేదండి అన్నయ్యగారూ. ఉన్నదున్నట్టే ఉంది."

ఆ బుస మాత్రం నాకు నచ్చలేదు. పొయ్యి మీద ఎసరు పొంగినప్పటి చప్పుడు అది. నూనె తొట్టి అడుగు మర వదులు చేసి ఒక గాజు సీసాలోకి పట్టాను. కాసేపటికి నూనె పైకి తేలింది. అడుగున పసుప్పచ్చటి నీళ్లు నిలిచాయి.

"ఇవెక్కడివమ్మా?"

ఆవిడ సీసా వంక చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. "శుద్ధినాటివండి. ఆయన పోయింది ఈ పాకలోనే గదండీ. ఇంట్లో కుండలు పారేసినట్టే, ఇక్కడి నూనె పారబోసి, తొట్టి, నూనె నిలవుంచే పీపా అన్నీ పసుపునీళ్లతో కడిగించారు. మైల ఉంచుకుంటామా అండీ?"

కడగడాన్ని మార్చడమని ఎవరనుకుంటారు? మా ఇంట్లోనూ కడిగారు. పీపా అడుగున మిగిలిన నీళ్లు సాయంత్రం నూనె పోసినప్పుడల్లా తొట్టిలోకి చేరి, రాత్రికి అడుక్కి దిగుతున్నాయి. పొద్దున ఇంజనుకు మొదటి గుక్క నీళ్లే. ఎర్రగా కాలిన బుర్ర మీద నీళ్లు పడితే ఇంకేం అంటుకుంటుంది? తిప్పగా తిప్పగా ఆ నీళ్లు అయిపోయాకే మధ్యాహ్నానికి లేస్తోంది. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది.

తొట్టి దించి ఆరబెట్టాం. పీపాలో పైనూనె మాత్రం తీసి, గుడ్డలో వడగట్టి పోశాం. గొట్టాలు ఊది, బుర్ర కాల్చి చక్రం ఊపాను. ఒక్క ఊపుకు లేచింది.

మంగమ్మగారు గుమ్మంలోనే కూలబడి ఏడ్చారు. "పొద్దున్నే ఈ చప్పుడు వింటే ఆయన పనిలో ఉన్నాడని తెలిసేదండి" అన్నారు. కొంగుతో ముఖం తుడుచుకుని, "చక్రం మీద ఆయన చేతి మసి ఉండేది. అదీ తోమేశారు. ఆగండి అనాలని నాకు తోచలేదండి" అన్నారు.

బేరగాడి దోనె వస్తే వెంకన్నే రేవుకు ఎదురెళ్లాడు. "ఇంజను లెగిసిందండీ. అమ్మం" అని అక్కణ్ణించే తిప్పి పంపేశాడు. నేను దోనె ఎక్కేటప్పుడు మంగమ్మగారు చద్దన్నం ముందు కూర్చుని ఉన్నారు. చాలాదూరం దాకా ఇంజను చప్పుడు నీటి మీదుగా నా వెంట వచ్చింది.

తిరుగు రైల్లో నన్నెవరూ పలకరించలేదు. మా ఆవిడ పోయినప్పుడు మా వదినగారు ఇల్లంతా కడిగించి, చీరలు పంచిపెట్టి, దువ్వెన కూడా పారేశారు. తప్పు పట్టను, అందరూ చేసేదే. ఎత్తు గూట్లో ఉన్న ఆ నూనె సీసా ఒక్కటి ఎవరి కంటా పడలేదు. కొల్లేరు ఎలా ఉందని మిల్లులో అడిగితే, నీరు చాలా ఉంది, మనిషిని ఇంటికి తరిమేస్తుంది అని చెబుదామనుకున్నాను.

ఇల్లు చేరేసరికి ఇంకా ఎండ ఉంది. సీసా దించి ఎండ పడే పిట్టగోడ మీద పెట్టాను. కరిగేదాకా పక్కనే కూర్చున్నాను. మూత తీసి, అరచేతిలో కాస్త వంపుకుని తలకు రాసుకున్నాను. మా ఆవిడ అందులో వేసి ఉంచిన సంపెంగల వాసన వచ్చింది. ఎవరో వెనక నిలబడ్డారనిపించి తిరిగి చూశాను.