ఎడమ మూలలో చెద

లిబోరియో బాబాయ్‌కి దేన్ని చూసినా లోపల చెద ఉందనే అనుమానం. మెళ్లో ఎప్పుడూ ఓ పాత స్టెతస్కోపు. తలుపైనా బల్లైనా వేలితో టకటకా కొట్టి, గొట్టం ఆనించి, కళ్లు మూసుకుని వింటాడు. నా పెళ్లిలో మేం మోకరిల్లిన పీటకి కూడా గొట్టం పెట్టి, "ఓ నిమిషం ఆగండి ఫాదర్, లోపల నములుతున్నాయి," అన్నాడు. ఆ నిమిషంలో పెళ్లికూతురు మనసు మార్చుకుంటుందేమోనని నాకు ముచ్చెమటలు పోశాయి.

"ఎలా ఉన్నావు బాబాయ్?" అంటే ఒకటే జవాబు: "పైకి బాగానే ఉన్నాను."

ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. మా మినాస్ గనుల సీమ కొండల్లో తవ్విన బంగారంలో పోర్చుగల్ రాజుగారి వాటా సముద్రం దాటాక, మిగిలినదాన్ని రేకులు కొట్టి చర్చిలో చెక్క మీద అంటించారు. మెలికల స్తంభాలు, ద్రాక్షగుత్తులు, బుగ్గలు ఉబ్బిన దేవదూతలు, అన్నీ ధగధగలాడతాయి. లోపలున్నది మాత్రం దేవదారు. చెదకి బంగారంతో పనేముంది? రేకు వదిలేసి కర్ర తినేస్తుంది. ఓసారి బాబాయ్ ఓ దేవదూత బుగ్గ నిమిరితే వేలు లోపలికి దిగిపోయింది. వారం రోజులు అన్నం సహించలేదాయనకి.

ఆ ఏడు శిలువ మోసే ప్రభువు విగ్రహాన్ని పల్లకీలో ఊరేగించడానికి రెండు వారాల ముందు, వట్టి పల్లకీతో నడిచి చూసుకుంటుంటే జోజిమో తాత మోకాలు మడతపడింది. తాతది ఎడమవైపు ముందు మూల. ఆయన వెనకే నేను. పల్లకీ నా మెడ మీదకి ఒరిగేసరికి పై ప్రాణాలు పైనే పోయాయి.

"మూల ఖాళీ చెయ్యి తాతా," అన్నాడు పల్లకీ మోసే సంఘం పెద్ద వాల్దెమీరో. "వాలులో ఇలాగే అయితే ప్రభువు ముక్కలైపోతాడు."

తాత ఒరిగిన మోతకర్రని వదల్లేదు. "మా ముత్తాతలు బానిసలై గనిలో రాజుగారి రాళ్లు మోసింది కొరడాకి భయపడి. ఇష్టపడి మోసింది ఈ మూలొక్కటేరా. నన్ను దిగిపొమ్మంటావా?"

బాబాయ్ వచ్చి ఆ కర్ర మీద టకటక కొట్టాడు. గొట్టం పెట్టాడు. చాలాసేపు విన్నాడు.

"ఎడమవైపు ముందు మూలలో చెద ఉంది," అన్నాడు.

వాల్దెమీరో గబుక్కున వెనక్కి జరిగాడు. "కర్ర మార్చేద్దాం."

"రెండొందల ఏళ్ల కర్ర. పురాతన వస్తువుల ఆఫీసులో అనుమతికి దరఖాస్తు పెట్టు. ఈస్టరు వెళ్లి క్రిస్మస్‌కి వస్తుంది."

"మరేం చెయ్యమంటావు?"

"ఆ మూలకి ఇంకో ఇద్దర్ని వెయ్యి. ముందు మాత్రం జోజిమో అన్నే ఉండాలి. ఆ కర్ర ఒంటి తీరు ఆయనకే తెలుసు. నేను పక్కనే వింటూ నడుస్తాను."

ఊరేగింపు నాటి ఆదివారం పొద్దుటినుంచీ జల్లు. రాళ్లబాట సబ్బులా జారుతోంది. బాబాయ్ వంద అడుగులకోసారి చెయ్యెత్తేవాడు.

"ఆపండి. నములుతున్నాయి."

పల్లకీని ఊతకర్రల మీద నిలబెట్టి ఊపిరి పీల్చుకునేవాళ్లం. "ఇలాగైతే రేపటికి చేరతాం," అని వాల్దెమీరో గొణిగాడు గానీ, ఎదురు చెప్పే ధైర్యం లేదతనికి. ఏడుసార్లు ఆగి చర్చి చేరాం. ప్రభువుకి చిన్న గీత కూడా పడలేదు.

అందరూ కాఫీకి పోయాక నేను చాకు మొన కర్రలో గుచ్చి చూశాను. మొన వంగింది గానీ దిగలేదు.

"బాబాయ్, ఇది రాయిలా ఉంది. చెద ఏది?"

"మూలలో ఉందన్నాను. కర్రలో అన్నానా?"

మెట్టు మీద జోజిమో తాత మోకాలు రుద్దుకుంటున్నాడు.

"ఎలా ఉన్నావు తాతా?" అన్నాను.

"పైకి బాగానే ఉన్నాను," అన్నాడు తాత.

బాబాయ్ వంగి ఆ మోకాలి మీద వేలితో టకటకా కొట్టి, గొట్టం పెట్టి, కళ్లు మూసుకుని విన్నాడు.

"వచ్చే ఏడు కూడా ఎడమ మూలలోనే ఉంటుంది చెద," అన్నాడు.