ఎడమ చేతికి తీర్థం లేదు

సండూరు కొండ మీది కాపలా గుడారానికి నేను చేరింది జూన్ మొదట్లో, మిట్టమధ్యాహ్నం. పటాలం వదిలి అప్పటికి ఏడాది. ఒక ట్రంకుపెట్టె, దుప్పటి, పాత బూట్లు, ఇంగ్లిషు-తెలుగు నిఘంటువు. అదే నా సామాను. వాన ఇంకా పడలేదు. పడమటి గాలి. గాలి నిండా ఎర్రటి ఖనిజపు దుమ్ము. నోరు మూసుకున్నా పళ్ల మధ్య కరకరలాడేది. గుడారం మొదట్లో తెల్లగా ఉండేదట. నేను చూసేటప్పటికి ఇటుక రంగు.

ఆ గనుల రోజుల్లో మీరు బళ్లారి వైపు వచ్చి ఉంటే ఆ లారీలను చూసే ఉంటారు. మేం వాటి మొదటి మలుపు దగ్గర ఉండేవాళ్లం. దారిలో లోడు దింపుకుని అమ్ముకోకుండా చూడటానికి గనివాళ్లు మాజీ సైనికులను పెట్టుకున్నారు. మేం నలుగురం. సుబేదారు మా పెద్ద. వంటమనిషి ఒకడు. జీపు డ్రైవరు ఒకడు. వైర్‌లెస్ సెట్టు పట్టుకుని అతని పక్క సీట్లో నేను. తుపాకుల్లేవు. లాఠీ, టార్చి, విజిలు, వాన కోటు. ఘాటు రోడ్డు మీద పైకీ కిందికీ గస్తీ. లారీల వరుసకు మొదలూ చివరా కనిపించేది కాదు. నిద్ర ముక్కలు ముక్కలుగా దొరికేది. సరిహద్దులో మంచులో కూడా నా బతుకు ఇంత కుదురు తప్పలేదు.

డ్రైవరు చోరనూరు మనిషి. పటాలంలో పెద్ద ట్రక్కులు నడిపాడు. పింఛను వయసుకు ముందే ఇంటికి పంపేశారు. ఎందుకని అడిగితే పాట ఎత్తుకునేవాడు. నేను పదో తరగతి తప్పినవాణ్ణి. సెలవు దొరికిన రోజు సండూరు లైబ్రరీలో, నిఘంటువు ఒళ్లో పెట్టుకుని, సాయంత్రం దాకా చదివేవాణ్ణి. ఆ సంగతి చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ సిగ్గు లేదు. అతనికి అది వేళాకోళం.

"ఏం లైబ్రరప్పా, ఈ వారం ఏం మేసొచ్చినావు?"

"గుండె, ఊపిరితిత్తులు."

"కడుపుకేమన్నా దొరికిందా?"

జులైలో వాన పట్టుకుంది. రెండు రాత్రులు వరసగా డ్యూటీ చేసి, ఉదయం అతను మడతమంచం మీద నడుం వాల్చాడు. నేను బూట్లు తుడుచుకుంటున్నాను. అతని గొంతులోంచి ఒక చప్పుడు వచ్చింది. తిరిగి చూస్తే ఒళ్లంతా కర్రలా బిగుసుకుపోయి ఉంది. తర్వాత కొట్టుకోవడం మొదలైంది. మంచం మీదే ఉన్నాడు. కింద పడలేదు, దేనికీ తగల్లేదు. ఈ మాట గుర్తుంచుకోండి.

ఇంకో ఊళ్లో అయితే తాళంచెవుల గుత్తి వెతుకుతారు. మా వంటమనిషి వెతకలేదు. గుడారం తాడుకు బరువుగా పెట్టిన ఖనిజపు రాయి తీసుకొచ్చి అతని కుడి పిడికిట్లో కుక్కాడు.

"వట్టి ఇనుమే గదప్పా ఇది. పట్టిస్తే ఇడుస్తాది."

ఆ కొండ మీద అందరూ అలాగే చేసేవారు. నేను మనిషిని పక్కకు తిప్పి, నోట్లోని నురగ తుడిచాను. కాసేపటికి ఒళ్లు వదిలింది. రాయి జారి నేల మీద పడింది. అరచెయ్యి ఎర్రగా మిగిలింది. రాయి వల్లే తగ్గిందని వంటమనిషి నమ్మాడు.

డ్రైవరు లేచాక కుడి చెయ్యి కదల్లేదు. పొట్టకు అడ్డంగా, అతికించినట్టు ఉండిపోయింది. వీపు మధ్య నొప్పి అన్నాడు. మా ముఖాలు చూసి, ఏం జరిగిందో మేం చెప్పకముందే గ్రహించాడు.

"సుబేదారప్పా, గని సూపర్వైజరుకు చెప్పొద్దు. దీనికే పటాలంలో ట్రక్కు గుంజుకున్నారు. ఇదీ పోతే నేను యాడికి పోయేది?"

"మాత్రలు మింగుతాండ్లేదా?" అన్నాడు సుబేదారు.

"మింగితే డ్యూటీలో కన్ను మూతపడతాది. నిలిపేసినా."

సుబేదారు వాన వైపు చూశాడు. "చెయ్యి బాగయ్యేదాకా ఎవరికీ చెప్పను. ఆ తర్వాత చూస్తాం," అన్నాడు.

ఊళ్లో డాక్టరు దగ్గర డ్రైవరు, జీపు దిగుతూ జారిపడ్డానని చెప్పాడు. ముందు నుంచి ఒక ఎక్స్‌రే తీశారు. ఎముక స్థానంలోనే ఉన్నట్టుంది. బెణుకై ఉంటుందని గుడ్డపట్టీ కట్టి, తగ్గకపోతే మళ్లీ రమ్మన్నాడు డాక్టరు. ఆయనకు చెప్పిన కథకు ఆయన వైద్యం సరిపోయింది.

మరునాటికే డ్రైవరు పట్టీ విప్పేసి స్టీరింగ్ దగ్గర కూర్చున్నాడు. కుడి చెయ్యి స్టీరింగ్ అడుగున ఆనించి, ఎడమ చేత్తో తిప్పేవాడు. చదును రోడ్డయితే నేనూ నడపగలను, ఘాటు నాకు చేతకాదు. క్లచ్ అతను తొక్కితే గేరు నేను మార్చేవాణ్ణి. "రెండు" అనేవాడు. వేసేవాణ్ణి. "ఒకటి" అనేవాడు. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ, ఎదురుగా లోడు లారీ. నేను రోడ్డు చూడటం మానేశాను. అతని కళ్లే చూసేవాణ్ణి. రెప్ప ఆగితే నా చెయ్యి హ్యాండ్‌బ్రేకు వైపు పోయేది.

"ఏందప్పా, పెండ్లిచూపుల్లో మాదిరి చూస్తాండావు?" అనేవాడు.

తర్వాతి సెలవు రోజు లైబ్రరీలో ఒక లావుపాటి వైద్యగ్రంథం తీశాను. ఒక పేరా కోసం నిఘంటువు ఎన్నిసార్లు తిప్పానో. మూర్ఛలో కండరాలు ఒక్కసారిగా బిగుసుకుంటాయి. మనిషి పడకపోయినా ఆ బిగువుకే భుజం ఎముక వెనక్కి జారవచ్చు, చిట్లవచ్చు. చెయ్యి లోపలికి తిరిగి ఉండిపోతుంది. అరచెయ్యి పైకి తిరగదు. కాగితం మీద రాసుకొచ్చి అతనికి చదివి వినిపించాను.

"డాక్టరుకు నిజం చెప్తేనే తెలుస్తాదంట," అన్నాను.

"ఆ పుస్తకం వచ్చి నా జీపు నడుపుతాదా?" అన్నాడు.

ఘాటు కింద చిన్న మారెమ్మ గుడి ఉండేది. కొండెక్కే ఏ బండయినా అక్కడ ఆగాలి. పూజారి రోడ్డు మీదికి వచ్చి, కిటికీలోంచి చాచిన డ్రైవరు అరచేతిలో తీర్థం పోస్తాడు. ఆ తీర్థం తాగకుండా ఎవరూ మొదటి గేరు వెయ్యరు. వాన మొదలయ్యాక ఒళ్లు బాగలేదని పూజారి రావడం మానుకున్నాడు; అన్నాళ్లూ బండ్లు దండం పెట్టుకుని పోయేవి. నేను కాగితం చదివిన కొన్నాళ్లకు మళ్లీ వచ్చాడు.

డ్రైవరు ఒళ్లు మెలితిప్పి ఎడమ చెయ్యి చాచాడు. పూజారి ఉద్ధరిణి వెనక్కి తీసుకున్నాడు.

"ఎడమ చేతికి తల్లి తీర్థం లేదప్పా. కుడిది పట్టు."

కుడి చెయ్యి కిటికీ దాకా వచ్చింది. అరచెయ్యి కిందికే ఉంది. తిప్పబోయాడు. నుదుట చెమట పట్టింది. మెడ నరాలు లేచాయి. చెయ్యి తిరగలేదు. వెనక లారీలు హారన్లు మొదలుపెట్టాయి. నా ఒళ్లో వైర్‌లెస్‌లో సుబేదారు గొంతు గరగరమంది.

"పై నుంచి కిందికి. జీపు ఎందుకు నిలబడింది? ఓవర్."

"తీర్థం దగ్గర. ఓవర్."

"తీర్థానికి ఇంతసేపా? ఓవర్."

డ్రైవరు ఇంజను ఆపేశాడు. పూజారి వైపు కాకుండా తన చేతి వైపే చూస్తున్నాడు.

"దిగి ఈ పక్కకు రా, లైబ్రరప్పా. స్టీరింగ్ నువ్వు పట్టుకో. ఆసుపత్రికి పోదాం. చెప్పేది నేనే చెప్తా."

సెట్టు అందుకుని తనే మాట్లాడాడు. "సుబేదారప్పా, డ్రైవరును. నాకు ఫిట్స్ ఉండాయని రాసుకో. ఓవర్."

అటు నుంచి, "పోయి రా," అని వినిపించింది.

అదే డాక్టరు. విని కళ్లద్దాలు తీశాడు. "మూర్ఛె బందిత్తా? మూర్ఛ వచ్చినాదా? మొన్నే చెప్పింటే పక్క నుంచి ఇంకో ఫిల్మ్ తీయిస్తాంటి గదప్పా," అన్నాడు. తీయించాడు. భుజం ఎముక గుండు, అది తిరిగే గిన్నెలోంచి జారి వెనక ఇరుక్కుంది. గిన్నె అంచు గుచ్చుకుని గుండు ముందు భాగం నొక్కుకుపోయింది. వెన్నులో ఒక పూస కూడా అణిగింది. అన్నీ ఆ మంచం మీదే జరిగాయి.

బళ్లారిలో ఆపరేషన్ చేశారు. ఆలస్యమైంది, పూర్తిగా తిరగకపోవచ్చు అన్నారు. మాత్రలు ఒక్క పూట కూడా మానొద్దన్నారు. స్టీరింగ్ ముట్టుకోవద్దన్నారు. సుబేదారు గనివాళ్లతో గట్టిగా మాట్లాడి, అతన్ని కింద గేటు దగ్గర కూర్చోబెట్టాడు. జీపుకు కొత్త డ్రైవరు వచ్చాడు. గేరు తనే మార్చుకునేవాడు. నా కుడి చేతికి మాత్రం, ఇంజను రొద మారినప్పుడల్లా, వేళ్లు ఊరికే కదిలేవి.

మరుసటి వేసవిలో నా పని ముగిసింది. ట్రంకుపెట్టెతో కిందికి దిగి మా ఊరు మోకకు పోయే బస్సు కోసం గేటు దగ్గర నిలబడ్డాను. డ్రైవరు ఎడమ చేత్తో గేటు గడ ఎత్తుతున్నాడు, దించుతున్నాడు. ప్రతి లారీ డ్రైవరునూ చూస్తున్నాడు. ముఖాన్ని కాదు, స్టీరింగ్ మీది చేతుల్ని.

పూజారి లారీల మధ్య నుంచి వచ్చాడు. ఈసారి అడగకుండానే డ్రైవరు కుడి చెయ్యి చాచాడు. అరచెయ్యి సగమే తిరిగింది, వాలిన చేటలా. పూజారి పోశాడు. తీర్థం చిటికెన వేలి వైపు జారి, దుమ్ము కలిసి, మణికట్టు దాకా ఎర్రగా కారింది. నాలుగు చుక్కలు మిగిలాయి. అవి ఒలికిపోకుండా అతను చేతికి నోరందించడానికి నడుం దాకా వంగాడు.

ఇంటికొచ్చి ఇన్నేళ్లయినా, నీళ్లు తాగడానికి దోసిలి పట్టినప్పుడల్లా ముందు నా చెయ్యి తిరుగుతోందా లేదా చూసుకుంటాను.