చీకటి వెతుక్కుంటూ శ్రీకూర్మం తీరానికి, గోనెసంచిలో టెలిస్కోపుతో

ఆకాశాన్ని పరచినవాడి గురించి ఏళ్ల తరబడి ప్రతి ఆదివారం గొంతు చించుకుని చెబుతున్నాను. నెల్లిమర్లలోని మా చిన్న సంఘానికి నేను పాస్టర్ని కాను. వారమంతా కుట్టుమిషన్లు బాగుచేసుకుని, ఆదివారం లేచి వాక్యం చెప్పేవాణ్ణి. ఏ కాలేజీలోనూ చదవలేదు. నాకు తెలిసిందంతా గ్రంథం ఒళ్లో పెట్టుకుని ఒక్కో మాటా కూడబలుక్కుని నేర్చుకున్నదే. ఒకరోజు, చుక్కలన్నిటికీ పేర్లు పెట్టినవాడు మనల్ని మరిచిపోతాడా అని బల్ల గుద్ది అడుగుతుంటే, ముందు వరసలోంచి సన్యాసమ్మ అనే పెద్దావిడ లేచి, "బాబూ, అందులో ఒక్కదాని పేరు సెప్పు, ఇంటాను" అంది. సంఘమంతా ఘొల్లున నవ్వింది. నాకు ఒక్క పేరూ రాలేదు. చుక్కల పిచ్చి నాకు పట్టుకున్నది ఆ రోజే.

ఈ శీర్షిక చదివే మీలో చాలామంది ఉత్తరాలు రాసి అడిగేది ఒకటే మాట: మొదట ఏ టెలిస్కోపు కొనాలి? వినండి, మొదట ఏదీ కొనకండి! గొట్టం కొని, అటకెక్కించి, ఆకాశం మీద విరక్తి పెంచుకున్న వాళ్లను చాలామందిని చూశాను. ముందు పంచాంగం ఉన్న గోడ క్యాలెండరు చూసుకోండి. అమావాస్య ఎప్పుడో తెలియకుండా చుక్కలు చూడటానికి బయల్దేరేవాడికి ఏ పరికరమూ సాయం చెయ్యదు. వాక్యం చెప్పేవాడి ఇంట్లో పంచాంగమేమిటని కొందరు మొహం చిట్లించారు. తిథి ఎవరు లెక్కకట్టినా చంద్రుడు ఒకడేగా! తరవాత కావలసింది అట్టతో చేసిన తిప్పుడు నక్షత్ర పటం. నెలా గంటా కలిపితే ఆ వేళకి కనబడే చుక్కల్ని చూపిస్తుంది, చార్జింగు అడగదు. ఫోనులో ఆకాశం చూపించే ఉచిత యాప్‌లు మంచివే గానీ తెరని ఎర్రరంగులోకి మార్చుకోండి, లేకపోతే ఆ వెలుగుకి కళ్లు చీకటికి అలవాటుపడవు. ఆ తరవాత బైనాక్యులర్స్. ఏడు రెట్లు పెద్దది చేసి చూపేది, ముందు అద్దాలు వెడల్పుగా ఉన్నది తీసుకోండి. పిల్లలకోడి అని మనవాళ్లు పిలిచే చుక్కల గుంపుని దాంట్లో చూశాక కూడా ఆశ తీరకపోతే, అప్పుడు కొనుక్కోండి టెలిస్కోపు. నాది నాలుగున్నర అంగుళాల అద్దం ఉన్న పొట్టి గొట్టం. బల్ల మీద పెట్టుకుని చూసేది.

అన్నీ అమరాయి, చీకటి ఒక్కటే దొరకలేదు. మా వీధిలో కొత్త లైట్లు పడ్డాక గొల్లకావిడి మూడు చుక్కలు కూడా వెలవెలబోతున్నాయి. ఆ బాధ ఒకసారి అప్పన్న దగ్గర వెళ్లబోసుకున్నాను. అప్పన్న శ్రీకూర్మం దాటాక సముద్రం ఒడ్డున ఉండే చిన్న ఊరివాడు, చేపలు పడతాడు. వాళ్లక్క నూకరత్నం కుట్టుమిషను ఉప్పుగాలికి తుప్పుపట్టి బిగుసుకుపోతే నా దగ్గరికి మోసుకొచ్చాడు. అప్పటినుంచి స్నేహం. కాదని ఎన్నిసార్లు చెప్పినా నన్ను పాస్టరనే పిలుస్తాడు. "పాస్టరుగోరూ, మా ఊరొచ్చేయండి. సీకటంటే ఏటో సూపిత్తాను" అన్నాడు. మాఘమాసం మొదలవగానే, అమావాస్య వెళ్లిన మర్నాడు బయల్దేరాను.

పొద్దున్నే టిఫిను చేసి నెల్లిమర్ల నుంచి విజయనగరానికి షేరాటో ఎక్కాను. అక్కడ కాంప్లెక్సులో శ్రీకాకుళం బస్సులు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, రణస్థలం, చిలకపాలెం మీదుగా రెండు గంటల్లోపు దింపేస్తాయి. వంద రూపాయల పైచిలుకు పెట్టుకోండి. గొట్టానికి పాత దుప్పటి చుట్టి మా ఊరి జూటుమిల్లు గోనెసంచిలో కుట్టేశాను. ఇంతకంటే మంచి పెట్టె నేను చూడలేదు. లగేజీలో వెయ్యకండి, ఒళ్లో పెట్టుకోండి. శ్రీకాకుళంలో భోంచేసి, శ్రీకూర్మం బస్సు పట్టుకుని, గుడి దగ్గర దిగి, తీరానికి ఆటో మాట్లాడుకున్నాను. డ్రైవరు నా సంచి వంక చూస్తూనే ఉన్నాడు.

"గోనిలో ఏటండి, బాజాయేటి?"

"టెలిస్కోపు నాయనా. చుక్కలు చూసే గొట్టం."

"సుక్కలకి గొట్టమెందుకండి? బుర్రెత్తితే కనబడవేటి? మా ఊళ్లో ఊరికే సూపిత్తారు."

సృష్టిని చూడటానికి కళ్లుంటే చాలదనీ, చూడాలనే బుద్ధి కావాలనీ ఓ పది నిమిషాలు దంచాను. శ్రద్ధగా విన్నాడు. దిగేటప్పుడు, "బాగా సెప్పినారండి. గానీ ఆ గొట్టం ఓ సీటు తినేసింది, దానిక్కూడా కట్టండి" అన్నాడు. నవ్వుకుంటూ కట్టాను.

నూకరత్నం అప్పటికే కవ్వల చేపల పులుసు కాచి, వేడన్నం వార్చి ఉంచింది. భర్త ఎర్రయ్య నా ఫోను రాకముందే వేటకి వెళ్లాడని, చేపలు కళింగపట్నంలో దింపి రాత్రికి అక్కడే ఉండిపోతాడని చెప్పింది. "మా ఆయనకి మీ మాటలంటే బలే సరదా. మీరొత్తారని ముందే తెలిస్తే ఎల్లేవోడు కాదు" అంటూ మిషను చూపించింది. ఉప్పుగాలిని తట్టుకుని ఇంకా నడుస్తోంది. మిషన్ని మెచ్చుకున్నందుకు కాబోలు, రెండోసారి పులుసు పోసింది.

సూర్యుడు దిగగానే అప్పన్నా నేనూ ఇసకలోకి వెళ్లాం. ఇక్కడ పరికరాల గురించి మరో మాట. తీరంలో ఇసక మీద స్టాండు నిలబడదు, కూరుకుపోతుంది. మేము రెండు ప్లాస్టిక్ చేపల ట్రేలు బోర్లించి, పైన పలక వేసి దానిమీద గొట్టం పెట్టాం. మంచుకి అద్దం చెమర్చకుండా గొట్టం మూతికి నల్ల చార్టు కాగితం చుట్టుకోండి. టార్చికి ఎర్ర కాగితం రెండు పొరలు కట్టుకోండి. చీకటిపడేసరికి పిల్లలకోడి నడినెత్తిన, గొల్లకావిడి ఆగ్నేయాన, గురుగ్రహం తూర్పున సముద్రం మీదికి ఎక్కి ఉన్నాయి. అంత ఆకాశం నేను ఎన్నడూ చూడలేదు.

ఒక్కటే అడ్డు. మా వెనక వలలు దాచుకునే పాక మీద వెదురు గెడకి ఒక పెద్ద బల్బు వెలుగుతోంది. ఇంకాస్త వెనక, మెరక మీద, గంగమ్మ గుడి దీపం ఉంది. గుడి దీపం జోలికి నేను వెళ్లను. ఎవరి భక్తి వారిది. బల్బు ఒక్కటీ ఆర్పితే చాలు కదా అనుకున్నాను. "అప్పన్నా, ఆ వెలుగు కళ్లల్లో పొడుస్తోంది. ఒక్క గంట తీసెయ్యవా?" అన్నాను.

అప్పన్న ఒక్క క్షణం ఒడ్డున లాగి పెట్టిన పడవల కేసి చూశాడు. "బావ ఒక్కడే రాలేదు. రాడు కదా. సరేలెండి" అన్నాడు. దానికి స్విచ్చు లేదు, కరెంటు తీగెని గెడ పైన కొక్కేనికి తగిలించుకున్నారు. పొడుగాటి వెదురు కర్రతో తీగె లాగేశాడు. చీకటి దుప్పటిలా కమ్మేసింది, ఆహా అన్నాను.

గొట్టాన్ని గురుగ్రహం మీదికి తిప్పి, స్పష్టత సరిచేస్తుండగా నూకరత్నం చేతిలో ఫోనుతో పరుగెత్తుకొచ్చింది.

"ఒరే అప్పన్నా! దీపమెవుడ్రా ఆరిపినోడు? మీ బావ వొత్తన్నాడు! సుట్టమొచ్చాడని ఎవులో సెప్తే కళింగపట్నంలో దిగకుండా తిరిగొచ్చేత్తన్నాడు. పాస్టరుగోరికి కోనాం సేప తెత్తన్నానన్నాడు. దీపం ఒక్కటే కనబడతాందేటే అని అడుగుతుండగానే ఫోను కట్టయిపోనాది!"

"అక్కడ గుడి దీపం ఉందిగా అమ్మా" అన్నాను నేను, ఇంకా అర్థం కాక.

"ఒక్కటుంటే ఏటి సేసుకుంటాడండి?" అంది. "గుడి దీపం కింద పాక దీపం నిలువుగా కనబడితే అదే దారి. ఆ గీతమీదే రావాలి. పక్కకెల్తే ఒడ్డు కోసుకుపోకుండా పోసిన బండరాళ్లు. మీ సుక్కలు రేపూ ఉంటాయి. నా మొగుడో?"

దీపాన్ని కుంచం కింద దాచకూడదని నేను ఎన్ని ఆదివారాలు అరిచానో లెక్కలేదు. ఆ మాట చెప్పిన నోటితోనే ఆర్పించాను. అప్పన్న వెదురుతో తీగె తగిలించబోతే చీకట్లో కొక్కెం దొరకదు. నా టార్చికి కట్టిన ఎర్ర కాగితం పీకి పారేసి, పాక పక్కన డ్రమ్మెక్కి, వెదురు గెడకి ఆనుకుని టార్చిని తలపైకి ఎత్తి పట్టుకున్నాను. బల్బు ఉన్నచోట నేనే నిలబడ్డాను.

"ఇంకా ఎత్తండి!" నూకరత్నం కింద నుంచి కేకేసింది. "సర్చీలో అంత గొంతు ఏసుకుంటారంట గదా, అరవండి!"

అరిచాను. "ఎర్రయ్యా!" అని పిలిచాను, ప్రార్థించాను, మళ్లీ పిలిచాను. కెరటాల హోరు నా గొంతుని మింగేసింది. నా మెళ్లో ఉన్న బైనాక్యులర్స్ ఒంటిచేత్తో తీసి ఆమెకి కిందికి అందించి, "చూడమ్మా, చుక్కల కిందుగా, నీళ్ల మీద" అన్నాను. వెడల్పు అద్దాలున్నవి కొనండని పైన చెప్పాను గదా, మసకలో మిణుకుని పట్టుకునేవి అవే. ఆమె అద్దాల్ని నీళ్ల మీద ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పింది.

"అదిగో! సెల్లు లైటు! రాళ్లవేపుకి పోతన్నాడు... ఒరే, ఊపండి, ఊపండి!"

ఊపకూడదు, నిలకడగా ఉండాలని అప్పన్న అరిచాడు. దీపం కదిలితే గీత చెదిరిపోతుందట. చేతులు లాగేస్తున్నా కదల్లేదు. అంతలో తీగె కొక్కేనికి తగిలి నా చెవి పక్కనే బల్బు భగ్గుమంది. "తిరిగాడు!" అంది నూకరత్నం. "తిన్నగొత్తన్నాడు." ఆమె అద్దాలు దించలేదు. కెరటం మీద పడవ ముక్కు లేచి, ఇసకలో దూసుకొచ్చి ఆగేదాకా దించలేదు.

ఎర్రయ్య దిగి, తడిసిన లుంగీ పిండుకుంటూ, "దీపం ఆరిపినోడెవుడ్రా?" అన్నాడు.

"నేనే నాయనా" అన్నాను, డ్రమ్ము మీద నుంచే.

అతను నన్ను, టార్చిని, డ్రమ్ముని చూసి, "పాస్టరుగోరూ, దిగండి బాబూ. కోనాం తెచ్చాను, పడితే సేప మీద పడతారు" అన్నాడు. నూకరత్నం అప్పుడు ఏడ్చింది, అతని వీపు మీద ఓ చరుపు చరిచి. నన్ను కూడా తిట్టింది. తిట్టించుకున్నాను.

తిట్లయ్యాక ఎర్రయ్యే అడిగాడు, అంత ఆర్పేసి ఏం చూద్దామనుకున్నారని. బల్బు వెలుగుతుండగానే, గొట్టాన్ని పాక వెనక నీడలోకి జరిపి గురుగ్రహాన్ని చూపించాను. ఒంగి చూశాడు. "మద్దెన పెద్దది. పక్కన నాలుగు సన్న సుక్కలు. అన్నీ ఒక్క గీత మీదున్నాయే!" అవి గురుగ్రహం చందమామలని చెప్పాను. నూకరత్నం అతన్ని తోసి తానూ చూసింది. చాలాసేపు చూసి, నా చెయ్యి పట్టుకుని, "బల్బు ఎలుగుతుంటే గూడా కనబడతాదే!" అంది.

నిజమే. కనబడుతుంది. మిగతా చిన్న చుక్కలు కొన్ని పోతాయి, పోనివ్వండి. పుస్తకాలు, యాప్‌లు, నాలాంటి వాళ్లు అందరమూ చీకటిని గొప్ప చేసి చెబుతాం. చీకటిని వెదకవలసిందే. కానీ ఆ చీకట్లో ఎవరో ఒకరు వెలుగుని పట్టుకుని ఇంటికి వస్తుంటారని ఆ సాయంత్రం దాకా నా బుర్రకి తట్టలేదు. మనుషుల్ని ఇంటికి చేర్చే దీపాన్ని తీసేసి సృష్టికర్త మహిమ చూద్దామనుకుంటే, ఆయన చూపిస్తాడా? మర్నాడు ఎర్రయ్య ఇంట్లో కోనాం పులుసు తిని బస్సెక్కాను. ఆ ఆదివారం సంఘంలో చుక్కల గురించి కాదు, ఆ పాక బల్బు గురించి చెప్పాను. ఎప్పటిలా అరవలేదు కూడా.

తీరానికి వెళ్లేవారికి ఒకే సూచన. చుక్కలు చూడటానికి దీపాలకి వీపు పెట్టి, సముద్రం వైపు తిరిగి, పాక నీడలోనో ఇసకదిబ్బ చాటునో కూర్చోండి. ఎవరి దీపమూ ఆర్పమనకండి. తప్పనిసరైతే, గొట్టం విప్పక ముందే ఊళ్లోని ఆడవాళ్లని అడగండి: ఇంకా రావలసిన పడవలు ఏవైనా ఉన్నాయా అని.