ఎముకల అక్క

అశోక్‌నగర్‌లో మా పక్క వాటాలో ఉన్న అక్క పశువైద్య కళాశాలలో ఎముకల గురించి పాఠం చెప్పేది. సినిమా బాగుంటుందా అన్నా, వాన పడుతుందా అన్నా ఆవిడ జవాబు ఒక్కటే: "చూసినంక చెప్త."

తొంభైల్లో ఒకసారి వాకిట్లో నీళ్ల సంపు కోసం తవ్వుతుంటే ఎముక ముక్క బయటపడింది. మనిషిదేనని హడలిపోయిన ఇంటి ఓనరు పని ఆపించి, శాంతి పూజకు చిక్కడపల్లి నుంచి పంతులుగారిని పిలిపించాడు. అక్క మాత్రం ఆ ముక్క నుంచి చిన్న రేకు కోసి, ఉల్లిపొరంత పల్చబడేదాకా తడి రాయి మీద అరగదీసి, ఇంట్లో ఉన్న పాత మైక్రోస్కోపు కింద పెట్టింది.

"ఇటుకలు పేర్చినట్టున్నది. మనిషిది గిట్ల ఉండదు. మేకదో, గొర్రెదో."

ఓనరు ఊపిరి పీల్చుకున్నాడు. కానీ పూజ సామాను వచ్చేసింది. "ఆడదా, మగదా మేడం? పంతులుగారు సంకల్పానికి అడుగుతున్నరు."

అక్క మళ్లీ కన్ను ఆనించి చాలాసేపు చూసింది. "ఈ ముక్కల ఆడో మగో కనబడతలేదు. కనబడంది నేను చెప్ప."

ఆ మేకకో గొర్రెకో పూజ ఘనంగానే జరిగింది. ఓనరు అందరికంటే ముందు అక్కకే పులిహోర వడ్డించి, "ఎట్లున్నది మేడం?" అన్నాడు.

అక్క విస్తరి కేసి చూసింది.

"తిన్నంక చెప్త."